క్రాస్ కేబుల్

సెప్టెంబర్ 14, 2011, బుధవారం

తెలంగాణ సమ్మె రెండో రోజు. ఆఫీసుకు తాళం పడింది. పదింటికి టెంటు దగ్గర సంతకం పెట్టి, ఒంటిగంట దాకా నినాదాలిచ్చి, నడుచుకుంటూ ఇల్లు చేరాను. గొంతు పోయింది గానీ మనసు మాత్రం గంతులేస్తోంది. ఇరవై ఏడేళ్ళొచ్చి, జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వెలగబెడుతూ, మళ్ళీ బడి సెలవులు వస్తాయని ఎవరనుకున్నారు?

"ఖాళీగనే ఉన్నవ్ గద, అల్మారీ సదురు" అంది అమ్మ. సర్దుతుంటే దుప్పట్ల కింద గేమ్ డబ్బా దొరికింది. జూన్ నుంచి అక్కడే ఉంది. దుమ్ము తుడిచి మళ్ళీ పెట్టేశాను. అంతే.

సెప్టెంబర్ 15

పెట్టేయలేదు. టీవీకి తగిలించాను.

పనిచేస్తోంది. కార్ల రేసు పెట్టి మూడు గంటలు ఆడాను, కంప్యూటర్ నడిపే కార్లతో. గెలిచాను. మళ్ళీ గెలిచాను. ఆ తర్వాత విసుగొచ్చింది. కంప్యూటర్‌కు ఓడిపోతే ఉడుక్కోవడం రాదు. దిండు తీసి కొట్టడం రాదు. దొంగాట ఆడానని నా మీద కేకలు వేయడం రాదు.

నెట్ తగిలిస్తే మనుషులతో ఆడొచ్చు. కానీ ఇది పాతకాలం డబ్బా, దీనికి వై-ఫై లేదు. వీపున నెట్ వైరు గుచ్చే కన్నం ఒక్కటే ఉంది. మోడెమ్ ఏమో కింద, మా ఇంటి ఓనర్ల హాల్లో ఉంది.

ముందే రాసిపెడుతున్నాను. ఇది జోహా కోసం కాదు.

సెప్టెంబర్ 18, ఆదివారం

పేరు రాశాక మిగతాది దాచి ఏం లాభం? ఈ పుస్తకం చదివేది నేనొక్కదాన్నే. నా దగ్గర నాకు పరువేమిటి?

జోహా కింది పోర్షన్‌లో ఉండే మా ఓనరు, నేను కూడా పిన్నిలా ఖాలా అని పిలిచే అజీజున్నీసా ఖాలా కూతురు. మేం పైన కిరాయికి దిగినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు, దానికీ పద్నాలుగే. డబ్బా దానిదే. వాళ్ళ చిన్నమామ దుబాయ్ నుంచి తెచ్చాడు. ఐదేళ్ళపాటు కింద హాల్లో మోడెమ్ పక్కనే పెట్టుకుని ఆడాం. అది దాని పేరుతో, నేను నా పేరుతో, ఒకే తెర మీద. జోహా బ్రేకు తొక్కదు. గోడకు గుద్దుకున్నా తొక్కదు. అయినా పదిట్లో ఏడు సార్లు అదే గెలుస్తుంది. అదెలాగో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

జూన్ 26న దాని నిఖా అయింది. పెళ్ళికొడుకు పేరు సర్ఫరాజ్, తూప్రాన్ హైవే మీద టైర్ల దుకాణం. రెండు రోజుల ముందు, శుక్రవారం సాయంత్రం, చేతులకు మెహందీ పెట్టుకోకముందు ఆఖరి ఆట ఆడాం. నేను ఓడిపోయాను. అప్పుడన్నాను, "పొయ్యి వాళ్ళింట్ల రొట్టెలు చేసుకో. ఇగ ఆటతోని నీకేం పని" అని. నవ్వుతూనే అన్నాను. నవ్వుతూనే అన్నానా? జోహా లేచి డబ్బా వైర్లన్నీ ఊడదీసి, చుట్టచుట్టి, డబ్బాతో సహా నా ఒళ్ళో పెట్టి లోపలికి పోయింది.

అప్పగింతలప్పుడు నేను లేను. ఆఫీసులో అర్జెంటు పనుందని చెప్పాను. ఆ రోజు ఆదివారం.

రంజాన్ పండక్కి వచ్చింది. నేను హవేలిఘనపూర్‌లో మేనత్త ఇంటికి పోయి మూడు రోజులు వరిచేలు చూస్తూ కూర్చున్నాను. ఫోన్ అది చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఎవరు ముందు చేస్తే వాళ్ళు ఓడినట్టు.

ఇవాళ ఖాలా నన్ను మెట్ల దగ్గర ఆపింది. "తూప్రాన్‌కు బస్సులు నడుస్తున్నయా బేటా?"

"లేవు ఖాలా. సమ్మె గద."

"జోహాను చూసి రావాలె. వచ్చే నెల గుల్బర్గా పోతుండ్రంట, సర్ఫరాజ్ వాళ్ళన్న దుకాణం కాడికి. ఇగ ఆడనే ఉంటరంట."

"అట్లనా" అన్నాను. పైకి వచ్చాక కాసేపు మంచం మీద కూర్చోవాల్సి వచ్చింది. గుల్బర్గా పోయాక ఇక ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారు? పదమూడేళ్ళ దోస్తీ ఒక్క రొట్టెల మాటతో పోయినట్టే.

కూర్చున్నందుకు ఫలితం దక్కింది, ఒక ఉపాయం తట్టింది. అత్తగారింట్లో జోహాకు కొత్త డబ్బా కొనిచ్చారని ఖాలానే ఎప్పుడో చెప్పింది. నేను ఆన్‌లైన్‌లోకి వచ్చాననుకో, దాని తెర మీద నా పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతుంది. నేను ఫోన్ చేసినట్టు కాదు, పలకరించినట్టూ కాదు. చుక్క వెలిగింది, అంతే. అది చూసి అదే పలకరిస్తే అదే ఓడినట్టు. ఇంత తెలివి ఉంచుకుని నేనింకా జూనియర్ అసిస్టెంటుగా ఎందుకున్నానో తెలియదు.

డబ్బాను కిందికి తీసుకుపోయి మోడెమ్‌కు గుచ్చితే ఐదు నిమిషాల పని. కానీ ఆరో నిమిషానికి ఖాలా జోహాకు ఫోన్ చేసి, దేవిక నీ కోసం వచ్చి కూర్చుందని చెప్పేస్తుంది. కిటికీలోంచి వైరు లాగినా కంటబడుతుంది. కాబట్టి ఏం చేసినా మా గదిలోంచే చెయ్యాలి.

సెప్టెంబర్ 19

రోజంతా లాప్‌టాప్ ముందే. దొరికింది.

సెప్టెంబర్ 20

దొరికింది గానీ లేదు.

సంగతేమిటంటే, నా పాత లాప్‌టాప్‌కు వై-ఫై ఉంది. కింది నెట్ పైదాకా అందుతుంది, పాస్‌వర్డ్ నాకు తెలుసు. లాప్‌టాప్ గాలిలోంచి నెట్ పట్టుకుని, వైరు ద్వారా డబ్బాకు పంచుతుంది. సెట్టింగుల్లో ఒక టిక్కు పెట్టాలి, పెట్టాను. రెండింటికీ మధ్య వైరు గుచ్చాను. ఏ దీపమూ వెలగలేదు.

మళ్ళీ చదివితే అర్థమైంది. ఈ పాతవి రెండూ మాట్లాడేది ఒకే తీగ మీద, వినేదీ ఇంకో ఒకే తీగ మీద. కాబట్టి ఒకదాని మాట రెండోదానికి చేరదు. దీని మాట్లాడే తీగ దాని వినే తీగకు తగిలేలా అడ్డం మార్చి కట్టిన వైరు కావాలి. దాన్ని క్రాస్ కేబుల్ అంటారు.

ఊళ్ళో కంప్యూటర్ దుకాణాలు రెండూ తిరిగాను. "గదిప్పుడు ఎవరడుగుతుండ్రు మేడం, హైదరాబాద్‌ల చూడుండ్రి" అన్నాడు రెండో అతను. హైదరాబాద్‌కు పోదామంటే బస్సులు మేమే ఆపాం.

ఖాలా మళ్ళీ అడిగింది, బస్సులు నడుస్తున్నాయా అని.

సెప్టెంబర్ 22

దేవుడున్నాడు. పేతురు మామ చుట్టాల పెళ్ళికి ఎవరిదో జీపులో హైదరాబాద్ పోయాడట. మా వాడలో కరెంటు పనులన్నీ ఆయనవే. వెంటనే ఫోన్ కొట్టాను.

"మామా, వచ్చేటప్పుడు ఒక క్రాస్ కేబుల్ తెండ్రి."

"క్రాస్‌కా? నువ్వా బిడ్డా?" గొంతులో అంత సంతోషం ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

"అవ్ మామా. మూడు మీటర్లు చాలు."

"మూడు మీటర్లు ఏడికొస్తయి? పైదాంక పోవాలె గద. ముప్పై అన్న పడుతది."

మా గది పైనే కదా, అనుభవమున్న మనిషి ఆలోచించే చెబుతున్నాడనుకున్నాను. "మీ ఇష్టం మామా" అన్నాను. "నువ్వు చల్లగుండాలె" అన్నాడు. ఒక్క వైరుకు ఇంత దీవెనా అని నవ్వుకున్నాను.

టెంటులో ఇవాళ వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి పులిహోర కలిపాం. రెండు గంటెలు ఎక్కువే తిన్నాను. అందరూ పరేషాన్‌లో ఉంటే నేనొక్కదాన్నే పాటలు పాడుతున్నానని సూపరింటెండెంటు గారు వింతగా చూశారు.

సెప్టెంబర్ 25, ఆదివారం

ఎలా రాయాలో తెలియడం లేదు, నవ్వు ఆగడం లేదు.

పదకొండింటికి పేతురు మామ కబురు పంపాడు, చర్చి దగ్గరికి రమ్మని. మెదక్ పెద్ద చర్చి కాదు, మా వాడ చివర రేకుల కప్పు చిన్న చర్చి. వెళ్ళేసరికి ఆరాధన అప్పుడే అయిపోయి అందరూ బయటికి వస్తున్నారు. ఒకావిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఇంకొకావిడ నా తల నిమిరింది. పాస్టర్ గారు ఎదురొచ్చి, "దేవికమ్మా, ఇవాళ ప్రార్థనల నీ పేరు తలుసుకున్నం" అన్నారు.

తలెత్తి చూశాను. కప్పు మీద శిలువకు కింది నుంచి పైదాకా ముప్పై మీటర్ల దీపాల తీగ చుట్టి ఉంది. ఎరుపు, పసుపు, నీలం. పేతురు మామ నిచ్చెన మీద నిలబడి, నా వంక చూసి గర్వంగా స్విచ్ వేయించాడు. పట్టపగలు వెలిగింది.

అంతమంది మధ్య ఇది నేనడిగింది కాదని ఎలా చెప్పను? నమస్కారం పెట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. కేకు కూడా తిన్నాను.

జనం పోయాక మామను పక్కకు పిలిచి చెప్పాను. "మామా, నేనడిగిన క్రాస్ గది కాదు. వైర్లు క్రాస్ ఉండే కేబుల్."

"వైర్లు క్రాసయితె షార్టయితది బిడ్డా. ముప్పై ఏండ్ల సంది అవి క్రాస్ గాకుంట చూసుకునుడే నా పని. నువ్వు కొనితెమ్మంటున్నవా?"

అక్కడే మెట్ల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాను. ఆయనా నవ్వాడు. విప్పి ఇచ్చేస్తానన్నాడు గానీ నేనే వద్దన్నాను. జోహాకు ఈ సంగతి చెప్తే ఎట్లా నవ్వుతుందో అనుకుంటూ ఇంటికొచ్చాను.

చెప్పడానికి లేదు కదా. వీధి మలుపు దాకా వచ్చాక గుర్తొచ్చింది.

సెప్టెంబర్ 28, బుధవారం

టెంటు ముందు బతుకమ్మ ఆడి ఇంటికొచ్చేసరికి పేతురు మామ మా గడప మీద కూర్చుని ఉన్నాడు. మూడు రోజులుగా ఆ సంగతే ఆలోచిస్తున్నాడట. "యే వైరు యే వైరుకు తలగాలె, కాయిదం మీద గీసియ్యి. కొనుడు లేదు ఏం లేదు, నేనే చేస్త" అన్నాడు.

గీసిచ్చాను. ఇంట్లో ఉన్న మామూలు నెట్ వైరును సరిగ్గా మధ్యలో కోశాడు. లోపల సన్నటి తీగలు ఎనిమిది. నారింజ జతను పచ్చ జతకు, పచ్చ జతను నారింజ జతకు మెలేశాడు. నీలం నీలానికి, గోధుమ రంగు గోధుమ రంగుకు. ఒక్కోదానికి విడిగా టేపు చుట్టాడు. ముప్పై ఏళ్ళ అలవాటుకు విరుద్ధమైన పని కాబట్టి మధ్యమధ్య తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.

గుచ్చాం. లాప్‌టాప్ పక్కన చిన్న దీపం వెలిగింది. నేను ఎగిరి గంతేశాను, అమ్మ వంటింట్లోంచి ఏం పగిలిందని అడిగింది. వెంటనే కరెంటు పోయింది.

"నేను గాదు" అన్నాడు పేతురు మామ.

సెప్టెంబర్ 29

పగలంతా కరెంటు లేదు. వచ్చిన గంటలో మోడెమ్ ఎక్కలేదు. ఖాలా అడిగింది, బస్సులు నడుస్తున్నాయా అని.

సెప్టెంబర్ 30, శుక్రవారం

మధ్యాహ్నం మూడింటికి కరెంటు వచ్చింది. తల దువ్వుకున్నాను. ఎందుకు దువ్వుకున్నానో తెలియదు, తెరలోంచి నేనేం కనబడను. టీవీ, డబ్బా, లాప్‌టాప్, వైరు. అన్నీ నిమిషం పాటు ఆలోచించుకున్నాయి. తర్వాత నా పేరు పక్కన పచ్చ చుక్క వెలిగింది.

గదిలో రెండు చుట్లు తిరిగాను. అద్దంలో నన్ను చూసి నేనే నవ్వాను. ఇప్పుడు తూప్రాన్‌లో ఒక తెర మీద నేను వెలుగుతున్నాను అనుకున్నాను. స్నేహితుల పట్టీ తెరిచాను. నా పట్టీలో ఒక్కటే పేరు.

జోహా. చివరిసారి ఆన్‌లైన్: 98 రోజుల క్రితం.

వేళ్ళ మీద లెక్కపెట్టాను. సెప్టెంబర్ ముప్పై, ఆగస్టు ముప్పై ఒకటి, జూలై ముప్పై ఒకటి, జూన్‌లో ఆరు. జూన్ 24. ఆ శుక్రవారం. కింద హాల్లో, నా పక్కన, ఇదే డబ్బాలో.

అక్టోబర్ 1

ఆడలేదు. డబ్బా ఆపలేదు కూడా. ఎవరూ చూడని చుక్కను పొద్దటి నుంచి వెలిగించి పెట్టాను. పదిహేను రోజులు పడ్డ తిప్పలన్నీ దీనికోసమే.

అది ఆడటమే మానేసింది. నేను పొమ్మన్నట్టే పోయి రొట్టెలు చేసుకుంటోంది. ఆ మాట అన్నందుకు నాకు ఇవాళ ఏడుపొచ్చింది. రాసేస్తున్నాను, ఇది జోహా కోసమే. మొదటి రోజు నుంచీ జోహా కోసమే.

సాయంత్రం ఖాలా మెట్ల కింద నిలబడి మళ్ళీ అడిగింది. "రేపన్న బస్సులు నడుస్తయా బేటా?" ఆమె వెనకాలే, వాకిట్లో, నా స్కూటీ నిలబడి ఉంది. అది సమ్మెలో లేదు. రెండు వారాలుగా వైర్ల వెంట పరిగెత్తానే గానీ, కూతుర్ని చూడాలని అడుగుతున్న మనిషికి ఎక్కమని ఒక్కసారీ అనలేదు. ఎందుకంటే ఎక్కించుకుంటే నేనూ పోవాలి.

"పొద్దుగాల ఏడింటికి తయారుండు ఖాలా" అన్నాను.

అక్టోబర్ 3, సోమవారం

నిన్న రాయడానికి ఇంట్లో లేను.

ఖాలా బురఖాలో, ఒళ్ళో ఖీమా డబ్బా, నా భుజం మీద ఉడుం పట్టు. స్కూటీ ముప్పై దాటితే "అల్లా" అంటుంది, ఇరవైకి దిగితే "జర జల్ది" అంటుంది. ఊరు దాటాక నా చెవిలో చెప్పింది, "ఆ వైరు సంగతి పేతురు నాకు ఎప్పుడో చెప్పిండు. నేను జోహాకు చెప్పలే. నీ మాట నువ్వే చెప్పుకోవాలె."

చేగుంట దగ్గర రాస్తారోకో. రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు, మధ్యలో పొయ్యి. ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు. "యాడికి? రోడ్డు బందున్నది."

"మా బిడ్డను చూడవోతున్నం నాయనా. నెల రోజులైంది" అంది ఖాలా.

"నేను గూడ సమ్మెలనే ఉన్న, మెదక్ టెంటు" అన్నాను.

"మరి మొదలే చెప్పవైతివక్కా. అన్నం తిని పోండ్రి." తినకుండా కదలనివ్వలేదు. ఖాలా కిచిడీ నోట్లో పెట్టుకుని ఉప్పు లేదంది, లేచి పోయి గుండిగలో తానే వేసింది. అది చూసి ఆమె చేతికి మైకు ఇచ్చారు. జై తెలంగాణ అని ఒకసారి అనమన్నారు, ఆమె నాలుగుసార్లు అంది. మైకు వెనక్కి తీసుకోవడానికి ఇద్దరు బతిమాలాల్సి వచ్చింది. అక్కడి నుంచి తూప్రాన్ దాకా నేను నవ్వుతూనే బండి నడిపాను. వీధి మలుపు తిరిగాక నవ్వు పోయింది.

తలుపు జోహానే తీసింది. తల్లిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ తర్వాత నా వైపు చూసింది.

"కూసోండ్రి. చాయ్ తాగుతరా?"

పదమూడేళ్ళలో అది నన్ను 'మీరు' అనడం అదే మొదటిసారి. ఏ తిట్టు తిట్టినా అంత తగిలేది కాదు. కూర్చున్నాను. సర్ఫరాజ్ గారు సలాం చెప్పి, ఖాలాకు దుకాణం చూపిస్తానని బయటికి తీసుకుపోయారు. మంచి మనిషి. ఈ నెల ఇరవైన గుల్బర్గాకు ప్రయాణమని ఆయనే చెప్పారు.

చాయ్ నా ముందు పెట్టి దూరంగా నిలబడింది. "ఎందుకు ఆడుతలేవు? మొన్నటికి తొంభై ఎనిమిది రోజులైంది" అన్నాను.

"మీకెట్ల తెలుసు?"

ఇక దాచలేదు. అల్మారీ, లాప్‌టాప్, ఒకే తీగ మీద మాట్లాడే రెండు మొండివి, పేతురు మామ, ముప్పై మీటర్లు, పాస్టర్ గారి ప్రార్థన, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. పట్టపగలు శిలువ వెలిగిన దగ్గర దాని పెదవి కొసన కొంచెం కదిలింది. నవ్వలేదు మాత్రం. పోయి బీరువా తెరిచింది. కొత్త డబ్బా అందులోనే ఉంది, మీద అతికించిన టేపు కూడా తీయలేదు.

"నువ్వు ఎట్లనన్న చేసి నెట్ తలగబెడ్తవని నాకు ఎరుకే" అంది, నా వైపు చూడకుండా. "నేను ఇది ఆన్ చేస్తే నా పేరు నీకు పచ్చగ కనవడ్తది. నన్ను ఇడిసిపెట్టి ఒక్కతే మంచిగ ఆడుకుంటున్నది అనుకుంటవని తియ్యలే."

నాకు కనపడాలని నేను తిప్పలు పడితే, నన్ను బాధపెట్టకూడదని అది కనపడకుండా కూర్చుంది. మూడు నెలలు.

సారీ అన్నాను. చాలదనిపించి మాఫ్ కర్ అన్నాను. అదీ చాలలేదు, తప్పయింది జోహా, పెద్ద తప్పయింది అన్నాను. అది వచ్చి నా పక్కన కూర్చుంది. చల్లారిపోయిన నా చాయ్ తీసుకుని ఒక గుటక తాను తాగింది.

"ఒక్క భాషల చెప్తే చాలు" అంది. "గని మళ్ళొకసారి చెప్పు."

చెప్పాను.